శుభలేఖలో లేని నాలుగు పేర్లు

ఫోను వచ్చేసరికి మావయ్య ఇంటి ముందు కల్లాం మధ్యలో, ఎర్రగా పరిచిన మిరపకాయల్లో కూర్చుని తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతున్నారు.

"వచ్చిందే రాజ్యం! ఆర్డరు వచ్చింది! జానీబీ ఇంక మన పిల్లే!"

ఒక్క కేక. వెంటనే ఉబికి వచ్చిన కన్నీళ్ళను రెండు చేతులతోనూ గట్టిగా తుడుచుకున్నారు.

పొద్దుటి నుంచీ మిరపకాయలు తిప్పిన చేతులవి.

రెండో కేక మొదటి కేకలా లేదు.

"నీళ్ళు! నీళ్ళు పట్రండే! కళ్ళు పోయినయ్!"

అత్తయ్య చెంబుతో పరిగెత్తింది. "ముప్పై ఏళ్ళ నుంచి మిరప వేస్తన్నావు. ఆ చేతులు కళ్ళకి పెట్టగూడదని తెలీదా యలమందయ్యా?"

"తెలుసే. ఇట్టాంటి ఫోను వస్తదని తెలీదు."

"కళ్ళు పోతే ఏముంది నాన్నా, నేను నేర్పిస్తాగా" అంది నజ్మీన్. ఏడేళ్ళది, పుట్టుక నుంచీ చూపు లేదు. గోడ పట్టుకుని నాలుగడుగులు వేసి, నాన్న భుజం వెతికి పట్టుకుని, "ముందు కుడికాలు" అని పాఠం మొదలుపెట్టేసింది కూడా.

షబ్బీర్‌కి వినపడదు. వాడు దూరం నుంచి చూసింది మాత్రం నాన్న ముఖం కప్పుకుని ఏడవడం, అమ్మ పరుగు. ఎవరో పోయారనుకున్నాడు. లోపలికి వెళ్ళి టీవీ ఆపేసి వచ్చి, చేతులు కట్టుకుని, తల వంచుకుని నిలబడ్డాడు. పదమూడేళ్ళవాడు, అచ్చం పరామర్శకొచ్చిన పెద్దమనిషిలా.

మా ఆయన కోటేష్ వాడి ముందుకు వెళ్ళి, ఒక చేతి ఐదు వేళ్ళూ, రెండో చేతి బొటనవేలూ చూపించాడు. ఆరు. ఆరో బిడ్డ.

షబ్బీర్ ఆ ఆరు వేళ్ళనీ ఒకటికి రెండుసార్లు చూసుకుని, అన్న పొట్టలో ఒక్క గుద్దు గుద్దాడు. ఇంత మంచి కబురుకి ఈ ఏడుపులేమిటని వాడి కోపం.

నేను నవ్వాపుకోలేకపోయాను. నేనీ ఇంటికి వచ్చి నలభై రెండు రోజులు. ఈ నలభై రెండు రోజుల్లో నవ్వినంత, చీరాలలో మూడేళ్ళ డిగ్రీలోనూ నవ్వలేదు. కోటేష్ దగ్గరికొస్తే చాలు, చొక్కాలోని ఘాటుకి నాకు తుమ్ములు. తను నవ్వుతాడు, నేను తుమ్ముతాను. కొత్త కాపురమంటే ఇదేనని రోజూ మురిసిపోతున్నాను.

కోటేష్ తర్వాత మా అత్తమామలు వెతికి వెతికి దత్తత తెచ్చుకున్న పిల్లలు నలుగురు. ఎవరు ఏ పేరుతో వస్తే ఆ పేరే ఉంచారు. ఇప్పుడు జానీబీ. తొమ్మిదేళ్ళ పిల్ల, మాట్లాడదు, ఎవరినీ ముట్టుకోనివ్వదు. పద్నాలుగు నెలల క్రితం ఒంగోలు పిల్లల హోంలో మా అత్తయ్య కొంగు మాత్రం పట్టుకుని సాయంత్రం దాకా వదల్లేదట. అప్పటి నుంచీ ఈ ఫోను కోసం చూస్తున్నారు.

"రేపు తొమ్మిదింటికల్లా ఒంగోల్లో ఉండాలంట" అంది అత్తయ్య, మావయ్య కళ్ళ మీద పాలలో తడిపిన గుడ్డ వేస్తూ. "ఇంటిల్లిపాదీ కనపడాల. మనింటికి కోడలొచ్చింది గదా, ఆ కాగితాలు గూడా ఫైల్లో పెట్టాలంట. రచన ఆధారూ, పెళ్ళి ఫోటో, శుభలేఖ."

శుభలేఖ అన్న మాట వినగానే నా నవ్వు అక్కడికక్కడే ఆగిపోయింది.

"మన కార్డులన్నీ అయిపోయినయ్ గదమ్మా" అన్నాడు కోటేష్.

"నా పెట్టెలో ఉంది!"

అరిచింది శ్రీరమ్య. పదిహేడేళ్ళ మా పెద్దాడపడుచు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన పిల్ల. ఊళ్ళో ఎవరింట పెళ్ళయినా మొదట అడిగేది కార్డే. రేకు పెట్టె నిండా శుభలేఖలు. తాళంచెవి నల్లతాడుతో మెడలో. చదవడం రాదు, కానీ 'శ్రీ' అక్షరాన్ని మాత్రం ఎక్కడున్నా పట్టేస్తుంది. తన పేరు అలా మొదలవుతుందని తెలుసు. అందుకే లోకంలో ప్రతి పెళ్ళికీ తనను పేరు పెట్టి పిలిచారనుకుంటుంది. నలభై రెండు రోజుల్లో నాకు దక్కిన అతి పెద్ద మర్యాద, ఆ పెట్టె పక్కన కూర్చోనిచ్చిన చోటు.

పెట్టె వరండాలోకి వచ్చింది. పైనే ఉన్నాయి రెండు కార్డులు.

ఒకటి పసుపురంగుది, మా అత్తవారు వేయించింది. రెండోది మెరూన్ రంగుది, బంగారు ఏనుగుతో. మా చీరాల వైపు కార్డు.

"అది... అదెక్కడిది శ్రీరమ్యా?"

"నిన్న మీ బాబాయి ఇచ్చాడు. అడిగా. ఇచ్చాడు." గర్వంగా గుండెకి హత్తుకుంది. "ఏనుగు!"

నిన్న బాబాయి మా అక్క కూతురి రేపటి ఓణీల ఫంక్షనుకి పిలవడానికొచ్చారు. ఆడపిల్ల ముచ్చటపడి అడిగిందని, స్కూటరు డిక్కీలో మిగిలిన మా పెళ్ళికార్డు ఇచ్చి వెళ్ళారన్నమాట. మంచి మనసుతో ఇచ్చారు.

"వీరమ్మా, చదువు. నా పేరు చూపించు" అంది శ్రీరమ్య.

వీరమ్మ చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చింది. పదేళ్ళు. నడక రాలేదు గాని, నోరు మాత్రం ఇద్దరి పెట్టు. కార్డు విప్పి పంతులమ్మలా గొంతు సవరించుకుంది.

శ్రీరమ్య ఒక అక్షరం మీద వేలు పెట్టింది. "ఇది నేనా?"

"కాదు. శ్రీరస్తు."

"ఇది?"

"శ్రీమతి. రచన వదిన వాళ్ళమ్మ."

"ఇది?"

"అది శ్రీ ఆంజనేయ ఫంక్షన్ హాలు."

వేలు కార్డంతా తిరిగింది. వెనక్కి తిప్పింది. మళ్ళీ ముందుకు తిప్పింది. నేను గుంజ పట్టుకుని నిలబడి, ఆ వేలు వెళ్ళే దారి చూస్తున్నాను.

"నేనెక్కడే?"

వీరమ్మ కళ్ళు ఒక చోట ఆగిపోయాయి. తర్వాత మెల్లగా, మామూలుగా అరిచే గొంతుతో కాకుండా, చదివింది.

"యలమందయ్య, రాజ్యం దంపతుల ఏకైక సంతానం, చిరంజీవి కోటేష్..."

"ఏకైక అంటే?" అంది నజ్మీన్.

"ఒక్కడే అని."

"ఒక్కడేంటి? మనం?" నజ్మీన్ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. "అయితే మనం అన్నయ్యకి పక్కింటోళ్ళమా?"

మావయ్య కళ్ళ మీది గుడ్డ తీశారు.

అత్తయ్య నా వైపు చూడకుండానే అంది. "ప్రెస్సోడు తప్పు కొట్టుంటాడు. ఈ మధ్య కుర్రోళ్ళకి చూసి కొట్టే ఓపికేదీ?"

ఆ మాట ఇంకా గాలిలో ఉండగానే నేను తల ఊపాను.

ఊపాను. ఇప్పుడు రాస్తుంటే కూడా నా చెవులు వేడెక్కుతున్నాయి. ఎవరో తెలియని మనిషి మీదకి నా తప్పు జారిపోతుంటే, హమ్మయ్య అనుకుంటూ తల ఊపాను.

"తప్పా? నలుగురు పిల్లల్ని మింగేసినోడిది తప్పు అంటారా?" మావయ్య లేచారు. ఎర్రబడి వాచిన కళ్ళతో భయంకరంగా ఉన్నారు. "ఏమే వీరమ్మా, అడుగున ప్రెస్సు నంబరు ఉంటదే. చెప్పు."

వీరమ్మ చెప్పింది. కళ్ళు కనిపించక మావయ్య ఫోను కోటేష్‌కి ఇచ్చారు. కోటేష్ నొక్కి, స్పీకరు పెట్టాడు.

ఒక రింగు. రెండు. మూడు.

"హలో, చెప్పండి సార్. పెళ్ళా, గృహప్రవేశమా?"

"ఆపండి మావయ్యా!" అన్నాను. "తప్పు ప్రెస్సు ఆయనది కాదు. నేనే. ఆ పేర్లు నేనే తీయించాను."

"హలో... ఎన్ని కార్డులు కావాలి సార్?"

కోటేష్ ఫోను కట్ చేశాడు.

మా అమ్మ మీద తోసేయొచ్చు. అమ్మ చెప్పిన మాట వాస్తవమే: "ఇంతమంది పేర్లు వేస్తే ఒక్కొక్కరికీ ఒక్కో కథ చెప్పాలే. ఎందుకొచ్చింది?" అంది. కానీ ప్రెస్సుకి వెళ్ళింది నేను. మచ్చుకాయితం మీద ఎర్రపెన్నుతో ఆ వరుస కొట్టేసింది నేను. కాలేజీ గ్రూపులో కార్డు పెట్టాక ఎవరేమంటారోనని ఆలోచించింది నేను. వరుస తీసేశాక అక్కడ ఖాళీ వచ్చింది. "బోసిగా ఉంది మేడం, ఏదైనా వేద్దామా?" అని అడిగాడు కంప్యూటరు ముందున్న అతను. ఒక్క క్షణం ఆలోచించి, ఏకైక సంతానం అని వేయండన్నాను.

ఆ మాట అమ్మ చెప్పలేదు. అది నాదే.

"నా పేరు కొట్టేశావా?" శ్రీరమ్య నా ముందుకొచ్చి అడిగింది.

"ఊఁ."

"ఎందుకు?"

నేను గుంజ వదిలి, కార్డు అందుకోబోయాను.

శ్రీరమ్య రెండు కార్డులూ పెట్టెలో పెట్టింది. తాళం వేసింది. "ఒంగోలు నేను రాను. నా పేరు లేదు" అని, పెట్టె ఈడ్చుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. గచ్చు మీద ఆ రేకు రాసుకున్న చప్పుడు వంటింటి దాకా వినిపిస్తూనే ఉంది.

షబ్బీర్ ఒక్కొక్కరి ముఖమూ చూసి, నా దగ్గరకొచ్చి, ఎవరు పోయారని సైగ చేశాడు.

---

పొద్దు వాలుతోంది. మంచు పడకముందే కాయల మీద పట్టాలు కప్పాలి. పట్టా ఒక్కరు కప్పలేరు. కోటేష్ ఒక అంచు పట్టుకుని నిలబడ్డాడు. రెండో అంచు నేను పట్టుకున్నాను. రోజూ ఈ పని నాకెంత ఇష్టమో! తను గాలికి ఉబ్బిన పట్టాను కావాలని నా మీదకి వదిలేవాడు. నేను అరిచేదాన్ని.

ఇవాళ పట్టా తిన్నగా పడింది.

"ఏవండీ."

అంచు మీద రాయి పెట్టాడు.

"తిట్టండి. నాలుగు తిట్టినా బాగుండు."

రెండో రాయి పెట్టాడు. మూడోది. నాలుగో రాయి చేతిలో పట్టుకుని అడిగాడు.

"నాలుగు పేర్లు రచనా. ఎంత చోటు పట్టేవి?"

రాయి పెట్టి వెళ్ళిపోయాడు. తుమ్ము కూడా రాలేదు నాకు.

పెరట్లో అత్తయ్య బియ్యం కడుగుతోంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను. గిన్నె అందుకోబోతే జరిపింది.

"అత్తయ్యా, నన్ను..."

"నాకు పెళ్ళినాడే తెలుసు."

నేను ఉలిక్కిపడ్డాను.

"మీ బాబాయి సంచీలో చూశా ఆ కార్డు. వీరమ్మ కంట పడకుండా లోపలికి తోశా. కొత్తపిల్ల, దానంతట అదే ఒకరోజు చెబుతదిలే అని నలభై రోజులు చూశా." నీళ్ళు వంపింది. "ఇందాక ప్రెస్సోడి మాట గూడా అందుకే అన్నా. కాదత్తయ్యా అంటావేమోనని."

"నేను తల ఊపాను."

"చూశాలే."

అంతే. కోప్పడితే ఏడ్చేదాన్ని. అత్తయ్య బియ్యంలో మట్టిబెడ్డ ఒకటి ఏరి పారేసి, ఎసరు పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

---

మా ఇంట్లో కంచాలకి పేర్లుంటాయి. ఏ బిడ్డ వచ్చినా, ఆ బిడ్డకంటే ముందు పర్చూరు స్టీలు షాపులో పేరు చెక్కించిన కంచం వస్తుంది. అది మా అత్తయ్య పద్ధతి. నా పెళ్ళికి వారం ముందే నా కంచం కూడా వచ్చేసిందట. కాపురానికొచ్చిన రోజు 'రచన' అన్న అక్షరాలు చూసుకుని, ఫోటో తీసి కాలేజీ గ్రూపులో పెట్టాను. నా పేరున్న కంచం ఫోటో! నేను తీసేయించిన పేర్ల కంచాలు పక్కనే ఉన్నాయి. ఫోటోలో అవి రాకుండా దగ్గరగా తీశాను.

రోజూ కంచాలు వేసేది శ్రీరమ్యే. ఒక్కొక్క పేరు మీద వేలితో రాసి చూసి, ఎవరి చోట వాళ్ళది పెడుతుంది.

ఆ రాత్రి భోజనాలకి అందరం కూర్చున్నాం. కంచాలు ఒకటొకటిగా వచ్చాయి. నాన్నది, అమ్మది, అన్నయ్యది. తనది, షబ్బీర్‌ది, వీరమ్మది, నజ్మీన్‌ది. చివరిగా బియ్యం డ్రమ్ములోంచి గుడ్డలో చుట్టిన కొత్త కంచం తీసింది అత్తయ్య. 'జానీబీ'. పద్నాలుగు నెలల నాటి కంచం, ఒక్క గీత పడలేదు. శ్రీరమ్య దాన్ని కొంగుతో తుడిచి, తన పక్కనే పెట్టింది.

తర్వాత వచ్చి కూర్చుంది.

"వదిన కంచం చప్పుడు రాలేదే?" అంది నజ్మీన్. దానికి ఎవరి కంచం ఎలా మోగుతుందో తెలుసు.

"లేదు" అంది శ్రీరమ్య.

"ఏమైంది?"

"కొట్టేశా."

మావయ్య దగ్గారు. వీరమ్మ అన్నంలో తల దూర్చింది. అత్తయ్య చుట్టాల కోసం ఉంచిన పేరు లేని పళ్ళెం ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. నేను అందులో అన్నం పెట్టుకున్నాను.

సరిగ్గా అప్పుడే అమ్మ ఫోను. ఒళ్ళోనే మోగుతోంది. లేచి బయటికి వెళ్ళి మాట్లాడటం నాకు అలవాటు. ఈ నలభై రోజులూ అమ్మ ఫోన్లన్నీ పెరట్లోనే మాట్లాడాను. ఇవాళ లేవలేదు. ఎత్తాను. ఎడమచేత్తో స్పీకరు నొక్కాను.

"రచనా! రేపు ఓణీల ఫంక్షనుకి పదకొండుకల్లా వచ్చేయండే. నువ్వూ, అల్లుడుగారూ. మీరిద్దరే గదా?"

నా ముందు ఏడుగురు. ఎవరూ తలెత్తలేదు. శ్రీరమ్య చెయ్యి మాత్రం కంచంలో ఆగింది.

"కాదమ్మా. పొద్దున ఒంగోల్లో పని ఉంది. అది చూసుకుని, ఒంటిగంటకి భోజనాల వేళకి వస్తాం. తొమ్మిది మందిమి."

"తొమ్మిదెవరే?"

"నేను, ఆయన, అత్తయ్య, మావయ్య. ఆడపడుచులు శ్రీరమ్య, వీరమ్మ, నజ్మీన్. మరిది షబ్బీర్. రేపట్నుంచి జానీబీ."

అమ్మ వెనకాల ఎవరో పూలదండల కొలతలు చెబుతున్నారు.

"రచనా." అమ్మ గొంతు తగ్గించింది. "మీ పెదనాన్నగారింటి వాళ్ళంతా వస్తన్నారు. అల్లుడు ఒక్కడే కొడుకని అందరికీ తెలుసు. ఇప్పుడేం చెప్పమంటావే వాళ్ళకి?"

"నువ్వేం చెప్పకమ్మా. రాయించింది నేను. నేనే చెప్తాను."

"నలుగురిలోనా? అక్క కూతురి ఫంక్షనులో? నీకు సిగ్గుగా ఉండదూ?"

"ఉందమ్మా" అన్నాను. "చాలా ఉంది."

అమ్మ ఫోను పెట్టేసింది.

కోటేష్ నా వైపు చూశాడు. సాయంత్రం నుంచీ మొదటిసారి. చూశాడంతే. ఆ చూపులో క్షమించడం ఉందో లేదో నాకు తెలీలేదు.

"వాళ్ళింటి కార్యం గదే, చెడదా?" అన్నారు మావయ్య నెమ్మదిగా.

"భోంచేసి, ఆ పిల్ల మీద అక్షింతలేసి వస్తాం. మనమేమన్నా యుద్ధానికి పోతన్నామా?" అత్తయ్య చెయ్యి కడుక్కుని లేచింది. "ఇనుకోండి. తెల్లారి ఆరింటికి వ్యాను. ముందు షబ్బీర్ స్నానం, ఆఖర్న వీరమ్మ. అది మొదలుపెడితే నీళ్ళుండవు. ఒంగోలు, అక్కణ్ణుంచి చీరాల. జానీబీని ఎవరూ ముట్టుకోబాకండి, దానంతట అదే వస్తది. యలమందయ్యా, నువ్వు చేతులు కడుక్కో. సబ్బుతో. రెండుసార్లు."

"శ్రీరమ్యక్క రానంది గదమ్మా" అంది నజ్మీన్.

అందరం అటు తిరిగాం. శ్రీరమ్య అన్నం కలుపుతూ ఆలోచిస్తోంది.

"ఫంక్షన్‌లో మైకు ఉంటదా?"

"ఉంటుంది" అన్నాను.

"మైకులో నా పేరు చెప్తావా?"

"చెప్తాను. నలుగురివీ చెప్తాను."

"నాది ముందు."

"నీదే ముందు."

"జానీబీది గూడా."

"జానీబీది కూడా."

లేచి లోపలికి వెళ్ళింది. పెట్టె తాళం తీసిన చప్పుడయింది. తిరిగి వచ్చేసరికి చేతిలో నా కంచం. బోర్లించి గుండెకి ఆనించుకుని, నా ఎదురుగా నిలబడింది. తీసుకోవడానికి నేను చేతులు చాచాను.

ఇవ్వలేదు.

"రేపు. మైకులో చెప్పినాక" అంది.

మళ్ళీ లోపలికి వెళ్ళి, కంచాన్ని శుభలేఖల మీద పెట్టి, తాళం వేసి, తాళంచెవి జాకెట్టులోకి జారవిడుచుకుంది.